నాలుగో నంబరు

సురంగల్ ఊరి పక్క వాగు మీది చిన్న కట్టకు సాలోమోను నీరటి. మూడు షట్టర్లను ఎత్తడం, దించడం అతని పని. తండ్రీ అదే పని చేశాడు. చేవెళ్ల ఆఫీసు నుంచి ఓవర్సియరు ఫోన్‌లో హుకుం ఇస్తాడు. ఆ లైనులో గరగరకు పొడుగు మాటలు సరిగా వినపడవు కాబట్టి హుకుములకు నంబర్లు పెట్టారు. ఒకటంటే ఉన్నదున్నట్టే ఉంచాలి, రెండంటే ఒక షట్టరు ఎత్తాలి, మూడంటే అన్నీ ఎత్తాలి, నాలుగంటే అన్నీ దించాలి. మిషన్ బడిలో చదువుకున్న సాలోమోను ఆ నంబర్ల కాగితాన్ని ఫోను పక్కనే మేకుకు తగిలించుకున్నాడు.

అరవై తొమ్మిది వేసవిలో గుమాస్తా కృష్ణయ్య కొత్త జాబితా రాశాడు. "నీటి మట్టం చెప్పు" అనే హుకుంను రెండో నంబరుగా మధ్యలో దూర్చాడు. దాంతో కింది నంబర్లన్నీ జరిగాయి. నాలుగంటే ఇప్పుడు అన్నీ ఎత్తాలి! కాగితాలు టపాలో వేసి చేతులు దులుపుకున్నాడు. తెలంగాణ కోసం రోజూ బందులే, బస్సులు లేవు. సురంగల్‌కు రావలసిన కాగితం మొయినాబాద్‌లోనే ఆగిపోయింది. అందిందా అని ఎవరూ అడగలేదు.

ఆగస్టులో ఒక పొద్దున వాగు ఎర్రగా పొంగింది. ఫోను మోగింది.

"నాలుగో నంబరు!" ఓవర్సియరు అరిచాడు.

సాలోమోనుకు అనుమానం వచ్చింది. "నాలుగేనా సారూ? నీళ్లు మస్తుగున్నయి..."

"అందుకే చెప్తున్న! నాలుగు! జల్ది!"

దిగువన ఎవరో వాగులో చిక్కుకున్నారేమోననుకొని అతడు మూడు షట్టర్లూ దించాడు. గంటలోపే కట్ట చివర తెగింది. కట్ట కిందున్న అంతమ్మ వరిమడిలో మోకాలిలోతు ఇసుక మేటవేసింది. కొట్టంలో కట్టేసిన ఆమె ఎడ్లు కొట్టుకుపోయాయి.

"నీకు కండ్లు లేవారా, సాలోమోనూ!" అంతమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది.

మర్నాడు చేవెళ్లకు పిలిపించి, ఓవర్సియరు ఒక కాగితం ముందుకు తోశాడు. "నీరటి నిర్లక్ష్యం వల్ల" అని రాసుంది. "దస్కత్ పెట్టు" అన్నాడు.

"నేను పెట్ట."

"కొత్త కాగితం పంపిన గద!" కృష్ణయ్య గొణిగాడు.

సాలోమోనుకు ఒళ్లు మండిపోయింది. "పంపితే అయిపాయెనా? అందిందా అని అడిగినవా? ఇరవై ఏండ్ల సంది నాలుగంటే దించుడే. పాత నంబరుకు కొత్త పని ఎట్ల అంటగడ్తవ్? కొత్త హుకుంకు ఐదో నంబరిస్తే నీ కలం అరిగిపోతుండెనా?"

ఆ రోజే అతడిని పని నుంచి తీసేశారు. అతడు ఇంట్లో కూర్చోలేదు. ఆ ఆఫీసు కిందున్న మిగతా కట్టలన్నిటికీ నడిచి వెళ్లాడు. ఇద్దరు నీరటుల దగ్గర కొత్త కాగితముంది, ఇద్దరి దగ్గర పాతది. ఐదో నీరటి యాదయ్య మేకుకు రెండూ వేలాడుతున్నాయి! నీరటులంతా ఒక్కటయ్యారు. ఏ కాగితం ప్రకారమో ముందు చెప్పందే షట్టరు ముట్టబోమన్నారు.

చివరికి పెద్ద ఇంజనీరు విచారణకు వచ్చాడు. పాత నంబర్లు ఉన్నచోటికే వచ్చాయి. నీటి మట్టానికి ఐదు దక్కింది. జాబితా పైన సంవత్సరం వేశారు. హుకుం ఇచ్చేవాడు ముందు ఆ సంవత్సరం చెప్పాలి, నీరటి చేయబోయే పనిని మాటల్లో తిరిగి చెప్పాలి. మూడు నెలలకు సాలోమోను పనిలో చేరాడు. "నిర్లక్ష్యం" అన్న మాట కొట్టేశారు గానీ, తప్పెవరిదో ఎక్కడా రాయలేదు.

ఒకరోజు ఓవర్సియరు కట్ట మీదికి వచ్చాడు. "నువ్వన్నట్టే అయింది గద. ఇంకా గా కోపమేంది?"

"నాతోని చెప్పుడు కాదు సారూ. అంతమ్మ ఇల్లు గదిగో. పోయి, తప్పు మాదని చెప్పుండ్రి."

ఓవర్సియరు జీపెక్కి వెళ్లిపోయాడు. సాలోమోను దుమ్ములోకి ఉమ్మి, ఇసుక ఎత్తడానికి అంతమ్మ మడికేసి నడిచాడు.