మస్తాన్ బండికి మూడో బ్యాటరీ

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిపోయిన మరుసటి ఏడాది, వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ సముద్రంలోకి దిగిన రోజుల్లో, నన్ను నెల్లూరు నుంచి కావలి బ్రాంచికి సర్వీస్ మేనేజరుగా బదిలీ చేశారు. మోటార్‌సైకిళ్ల డీలరు దగ్గర మెకానిక్కుల పైన సూపర్‌వైజరు, అతని పైన సర్వీస్ మేనేజరు ఉంటారు. జాబ్ కార్డుల మీద సంతకం పెట్టడం, వారంటీ కింద మార్చిన ప్రతి సామానుకూ కారణం రాసి కంపెనీ ఏరియా ఆఫీసుకు పంపడం నా పని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లలో నన్ను అన్నిటికన్నా విసిగించింది జువ్వలదిన్నె చేపల వ్యాపారి మస్తాన్ బండి.

నేను చేరిన వారానికే అది ట్రాలీ ఆటోలో పడుకుని వచ్చింది. మస్తాన్ పొద్దున్నే హార్బరులో చేపలు తీసుకుని, ఐస్ వేసిన పెట్టెను బండి వెనక క్యారియరు మీద కట్టుకుని, కావలి దాటి జలదంకి వైపు ఊళ్లలో అమ్ముకుంటాడు. పాత బండ్లయితే బ్యాటరీ పోయినా కిక్ కొట్టి ఇల్లు చేరవచ్చు. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు పంపు కూడా కరెంటుతోనే నడుస్తుంది. పైగా ఆయన కొన్న మోడలుకు కిక్ రాడ్డే లేదు. బ్యాటరీ పడిపోతే నడిరోడ్డు మీద ఆగిపోవలసిందే. పెట్టెలో ఐస్ మాత్రం కరగడం ఆపదు. ఆ రోజు పెట్టెడు కానగంత చేపలు పారబోసి వచ్చానని చెప్పాడు.

బండి కొని ఏడాది కాలేదు. అప్పటికే ఒక బ్యాటరీ మార్చి ఉన్నారు. అది కూడా పోయిందని పరీక్షలో తేలింది. అయితే బ్యాటరీ చచ్చిపోతే మార్చడం గొప్ప కాదు, ఎందుకు చచ్చిందో చూడాలి. మా సీనియర్ మెకానిక్ పెంచలయ్య చేత కొత్తది పెట్టించి, దగ్గరుండి పరీక్ష చేయించాను. ఇంజను ఆపి ఉన్నప్పుడు పన్నెండున్నర వోల్టుల పైన. ఇంజను పరుగులో పద్నాలుగు దాటింది, అంటే బ్యాటరీ చార్జవుతోంది. హెడ్‌లైటు వేసినా తగ్గలేదు. ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే స్టేటర్ కాయిలు బాగుంది. ఆ కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చే రెగ్యులేటరూ బాగుంది. తాళం తీసేశాక ఎక్కడైనా కరెంటు కారుతోందా అని కూడా చూశాం, లేదు. కార్డు మీద ‘చార్జింగ్ వ్యవస్థలో లోపం లేదు’ అని రాసి సంతకం పెట్టాను.

మూడు వారాలు తిరక్కుండానే అదే ఆటోలో అదే బండి మళ్లీ వచ్చింది.

మళ్లీ అవే కొలతలు, అవే అంకెలు. వారంటీ కింద ఒకే బండికి మూడో బ్యాటరీ ఇవ్వాలంటే కారణం చూపాలని ఏరియా ఆఫీసు పట్టుబట్టింది. నా దగ్గర కారణం లేదు. షెడ్డులో ఏడెనిమిది బండ్లు వరసలో ఉన్నాయి, ఈ ఒక్కదాని చుట్టూ మూడు రోజులు తిరిగాను. హ్యాండిల్ కింద అదనపు లైటు బిగించుకునే క్లాంపు ఒకటి కనపడింది. కస్టమరు సొంతంగా పెట్టుకున్న లైటు వల్ల బ్యాటరీ చెడిందని రాసి పంపేశాను. క్లెయిము తిరస్కరించారు.

సంగతి చెప్పగానే మస్తాన్ నన్ను బండి దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఆ లైటు ఊడదీసి రెండు నెలలైంది సార్. యాడుందో చూపించండి.”

నిజమే, లైటు లేదు. క్లాంపు చూసి లైటు ఉందని రాశాను. అది నాకు తెలుసు. అయినా రాసింది వెనక్కి తీసుకోవడానికి మనసు రాక, ఆఫీసు నిర్ణయం అయిపోయిందని చెప్పి పంపించాను.

మర్నాడు ఆయన భార్య షంషాద్ కూడా వచ్చింది. హార్బరులో వేలం పాడి చేపలు కొనేది ఆమేనట. మాట గట్టిది.

“మేం అబద్ధాలు చెప్తా ఉండామా సార్? నన్ను ఎక్కించుకోని కావలికి ఎన్నిసార్లు వచ్చినాడో! ఒక్కసారి ఆగలేదు. చేపల పెట్టె ఎక్కితేనే ఆగిపోతా ఉండాది.”

“బ్యాటరీకి చేపలేవో మనుషులెవరో తెలియదమ్మా,” అన్నాను.

అక్కడ కూర్చున్న కస్టమర్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

“పెట్టె దించేసి, శుభ్రంగా కడిగి, షెడ్డులో నిలబెట్టి చూస్తా ఉండారు మీరు. మేం అట్టా తోలతామా? మా పెట్టెతో ఒకసారి తోలి చూడండి సార్.”

ర్యాంపు ఎక్కించే ముందు బండి కడగాలి, కస్టమరు సామాను దించాలి అన్నది వర్క్‌షాపు నియమం. నాలుగు దశాబ్దాలుగా నేనూ దాన్నే పాటిస్తున్నాను. ఆమె చెప్పింది నమ్మి కాదు, తప్పని తేల్చి ఈ గొడవ వదిలించుకుందామని సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే బండిని ఆటోలో వేయించి పెంచలయ్యతో జువ్వలదిన్నె వెళ్లాను. వర్క్‌షాపులోని బాగున్న బ్యాటరీ ఒకటి పెట్టి, మల్టీమీటరును పెట్రోలు ట్యాంకు మీద టేపుతో అంటించి, దాని వైర్లు బ్యాటరీకి కలిపాం. మస్తాన్ తోలుతుంటే నేను వెనక కూర్చున్నాను. ఖాళీ పెట్టెతో పద్నాలుగు వోల్టులు. నాలో నేను తల ఊపుకున్నాను. తిరిగి వచ్చాక షంషాద్ చేపలూ ఐసూ పెట్టె నిండా సర్దింది. మస్తాన్‌కీ పెట్టెకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఐసు నీళ్లు నా ప్యాంటు మీదుగా కారుతున్నాయి. హార్బరు గేటు కూడా దాటలేదు. మీటరు పదమూడుకు, అక్కడినుంచి పన్నెండున్నరకు దిగింది. గతుకు వచ్చినప్పుడల్లా అంకె ఎగిరిపడుతోంది.

ఆపించి పెట్టె దించమన్నాను. పద్నాలుగు. ఎక్కించమన్నాను. పన్నెండున్నర. మూడుసార్లు దించి ఎక్కించేసరికి చుట్టూ జనం మూగారు.

“ఇప్పుడు తెలిసిందా సార్, మనిషికీ చేపలకీ తేడా?” అంది షంషాద్. ఈసారి అందరూ నన్ను చూసి నవ్వారు.

ఆ తరవాతి పని పెంచలయ్యది. ఇంజను నడుస్తుండగా, పెట్టె బరువు మీదుండగానే, మీటరు వైరు ఒకటి బ్యాటరీ నెగటివ్‌కూ రెండోది రెగ్యులేటరు బాడీకీ ఆనించాడు. రెండూ ఒకే ఎర్తుకు, అంటే బండి ఫ్రేముకు, కలిసి ఉండాలి, కాబట్టి వాటి మధ్య వోల్టేజి దాదాపు సున్నా రావాలి. రెండుకు దగ్గరగా వచ్చింది. అంటే రెగ్యులేటరు ఇచ్చే కరెంటు తిరిగి వచ్చే దారి ఎక్కడో తెగుతోంది.

“సార్, ఈడ చూడండి,” అన్నాడు సీటు కింద వేలు పెట్టి.

క్యారియరు బిగించిన వెల్డింగు షాపువాడు, రెగ్యులేటరు ఎర్తు వైరు ఉన్న బోల్టునే ఊడదీసి, వైరుకూ ఫ్రేముకూ మధ్య రంగు వేసిన క్యారియరు కాలు దూర్చి బిగించాడు. పెట్టె బరువు పడితే ఆ కాలు కిందికి వంగి వైరు పట్టు వదులయ్యేది. కారే ఉప్పునీళ్లకు అక్కడంతా పచ్చటి చిలుము పట్టింది. బరువు దించగానే ఇనుము యథాస్థానానికి వచ్చి వైరు మళ్లీ అంటుకునేది. మనిషి బరువు సీటు మీద పడుతుంది గనక ఏమీ అయ్యేది కాదు. మేం ప్రతిసారీ పెట్టె దించాకే పరీక్షించాం. మాకు ప్రతిసారీ బండి బాగానే కనిపించింది.

బాగుచేయడానికి అరగంట పట్టింది. చిలుము గీకి, ఎర్తుకు వేరే బోల్టు పెట్టి, రెగ్యులేటరు నుంచి బ్యాటరీ నెగటివ్‌కు నేరుగా ఇంకో వైరు లాగాడు పెంచలయ్య. నిండు పెట్టెతో హైవే దాకా వెళ్లి వచ్చాం. పద్నాలుగు కదల్లేదు.

కాగితం బాగుచేయడం మాత్రం అంత తేలిక కాలేదు. నా నివేదిక తప్పని ఏరియా ఆఫీసుకు రాశాను. ఫొటోలు అడిగారు, పంపాను. క్యారియరు కూడా బయట బిగించిందే కాబట్టి నిర్ణయం మారదని జవాబు వచ్చింది. నియమం ప్రకారం వాళ్లు చెప్పింది సరైనదే. అది నాకు ఇంకా చిరాకు తెప్పించింది. ఎర్తు చూడకుండా బాగుందని రాసిచ్చింది మేము కాబట్టి బాధ్యత మాదని వాదించి, చివరికి మా బ్రాంచి తరఫున మూడో బ్యాటరీ ఇప్పించాను.

మస్తాన్ వచ్చి తీసుకున్నాడు. ఆయనకు క్షమాపణ చెప్పాను.

“బండి బాగైంది, సంతోషం సార్. కానీ నేనే లైటు పెట్టి చెడగొట్టుకున్నానని హార్బరంతా అనుకున్నారు. ఊరికే బ్యాటరీ కోసం నాటకమాడినాడన్నారు. వాళ్లకి ఎవరు చెప్తారు?”

నేను వచ్చి చెబుతానన్నాను. వద్దన్నాడు. ఆ తరవాత సర్వీసుకు మా దగ్గరికి రాలేదు. బిట్రగుంటలో ఒక చిన్న షెడ్డులో చేయించుకుంటున్నాడని పెంచలయ్య చెప్పాడు.

ఆ నెల నుంచి మా జాబ్ కార్డులో ఒక గడి చేర్చాను: బండి ఆగినప్పుడు దాని మీద ఏముంది, ఎలాంటి రోడ్డు మీద ఉంది. అది నిండకపోతే సంతకం పెట్టేవాణ్ని కాదు. పాల క్యాన్ల బండి వస్తే క్యాన్లతోనే తోలి చూడమనేవాణ్ని. మెకానిక్కులు గొణుక్కున్నారు, చేశారు. లోపం బయటపడే పరిస్థితిలో పరీక్షించకుండా ‘లోపం లేదు’ అని రాయడం తప్పుడు నివేదిక కిందే లెక్క. కావలికి రాకముందు అలాంటి కార్డుల మీద ఎన్ని సంతకాలు పెట్టానో నాకు తెలియదు.