నాలుగు మేకుల పంచె

మాడిపోయిన బల్బును చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల తీగ గలగలమంటుంది. నిన్న మా ఇంట్లో ఒకటి మాడింది. ఆ చప్పుడు వినగానే మునస్వామి అయ్యవారు గుర్తొచ్చారు. నేను చెబుతుంటే మా అమ్మాయి సుగుణ రాస్తోంది.

సత్యవేడు దగ్గర మా ఊరి బడికి ఆయనొక్కరే అయ్యవారు, ఊడ్చేదాన్ని నేనొక్కదాన్ని. మా ఆయన పోయిన ఏడే ఆ పనిలో చేరాను. గోడకు తగిలించే పటం ఒక్కటి కూడా పైనుంచి వచ్చేది కాదు. ఆయన మాడిన బల్బులు ఏరుకొచ్చి, తీగ తీసేసి నీళ్లు నింపేవారు. గాజు ముక్కకు దీపం మసి పట్టించి తుమ్మముల్లుతో అక్షరాలు గీసేవారు. తలుపులు మూసి, కిటికీలోంచి అద్దంతో ఎండను లోపలికి తిప్పితే, ఆ వెలుగు గాజును, బల్బును దాటి సున్నపు గోడ మీద పడేది. వేలెడు అక్షరం మంచమంత అయ్యేది. చీపురు పట్టుకుని నేనూ నిలబడిపోయేదాన్ని. "సూసి ఊరికే పోతే ఎట్లా చెంగమ్మా, సదువు" అనేవారు.

పిల్లలు చాలరని బడి ఎత్తేస్తారన్నారు. ఎత్తేస్తే సుగుణ మేకల వెంట పోవలసిందే. ఇన్‌స్పెక్టరు వచ్చి తేల్చే రోజు, తెల్లారేసరికి లోపలి గోడలన్నీ పేడతో నున్నగా అలికాను. అయ్యవారు వచ్చి చూసి తల పట్టుకున్నారు. పేడ గోడ వెలుగును మింగేస్తుంది. సున్నం కొట్టే వేళ లేదు.

"పండగనుకుంటివా చెంగమ్మా?"

"పెద్దమనిషి వస్తా ఉంటే బోసిగోడ సూపిస్తామా అయ్యోరా?" అన్నాను. ఇంటికి పరుగెత్తి, పెట్టె అడుగునున్న మా ఆయన తెల్లటి పెళ్లిపంచె తెచ్చాను. అయ్యవారు అందుకోలేదు.

"ఆయన గుర్తుగా ఇదొకటే గదమ్మా ఉండేది. మేకులు కొడితే సినిగిపోతాది."

"పెట్టెలో ఉండి అది మాత్రం ఏం సదువుతాది? కొట్టండి."

పంచె మీద అక్షరాలు వెలిగాయి. పిల్లలు గడగడా చదివారు. ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. "బట్టీ పట్టించినావప్పా" అని తనే ముల్లు తీసుకుని మరో గాజు మీద గీసి పెట్టాడు. అక్షరాలు తలకిందులుగా పడ్డాయి. పిల్లలు నవ్వారు.

"తిప్పి పెట్టాల సార్" అంటూ సుగుణ లేచి, గాజును సరిచేసి చదివింది: "రేపు వాన వస్తుంది." వెనకనుంచి నేనూ చదివానట. నాకు తెలియదు. అయ్యవారు తర్వాత చెప్పారు.

ఇన్‌స్పెక్టరు ముల్లును అయ్యవారి చేతిలో పెట్టాడు. "ఈ బడి యాడికీ పోదు" అన్నాడు.

అయ్యవారు పోయి చాన్నాళ్లయింది. ఆ పంచెను ఎండలో ఆరేస్తే ఇప్పటికీ నేల మీద నాలుగు వెలుగు చుక్కలు పడతాయి. ఆ చిల్లులు కుట్టేదా అని సుగుణ ఇప్పుడే అడిగింది. వద్దన్నానని రాయమన్నాను.