అరుగు మీద మూడు రోజులు

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అందరూ అంటారు. ఉంటే ఉంది. పరమేశ్వరి సంగతి చెప్పాలంటే ఆ మాత్రం కోపం ఉండాల్సిందే.

జగ్గయ్యపేటలో మా వంటింటి కిటికీకి ఎదురుగా వాళ్ళింటి పక్క అరుగు కనబడుతుంది. ముందు భాగం కిరాణా షాపు, వెనక కాపురం. ఆమె పూర్తిపేరు కన్యకాపరమేశ్వరి, పుట్టిల్లు నందిగామ. మొగుడు కుటుంబరావు తొంభై ఒకటిలో గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. అప్పటికి ఆమెకు ముప్పై కూడా నిండలేదు. పుట్టింటికి పంపేస్తారనే అందరం అనుకున్నాం. పెద్దకర్మ అయిన వారానికి ఆమె వెళ్ళి గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. అత్తగారు బసవమ్మ అవుననలేదు, కాదనలేదు. మరిది అనిల్‌కుమార్ మాత్రం కంచికచర్ల నుంచి వచ్చినప్పుడల్లా, "ఆడమనిషి ఎన్నాళ్ళు చేసిద్దమ్మా ఈ వ్యాపారం? షాపు నేను చూసుకుంటాలే" అనేవాడు. ఆ కుర్చీ పోతే పరమేశ్వరికి ఈ భూమ్మీద కూర్చోవడానికి ఇంకో చోటు లేదు. నందిగామలో అన్నావదినలా? రెండో రోజుకే తిరుగు బస్సు ఎన్నింటికని అడిగే రకం.

కడుపులో తిప్పడం తొంభై అయిదు ప్రాంతంలో మొదలైంది. పొద్దున షాపు తెరిచి ఎండుమిరపకాయల బస్తా మూతి విప్పేసరికి నోట్లో నీళ్ళూరేవి. ఇంగువ, చింతపండు, నూనె డబ్బాలు, అన్నీ ఒకటై ఆమె మీద పగబట్టినట్టుండేది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తేది. వాంతి కూడా అయ్యేది కాదు, ఉత్త డోకులు. ఊళ్ళోవాళ్ళు వికారానికి వాడే సొంఠి, వాము, జీలకర్ర, ఉసిరి ఒరుగు ఆమె చేత్తో తూచి అమ్మేవే. అన్నీ నమిలింది. ఒక్కటీ పనిచేయలేదు.

ఒకరోజు పక్కవీధి పుష్పవతి చింతపండు కోసం వెళ్ళి, ఆమె అలా లోపలికి పరుగెత్తడం చూసి, తిన్నగా నా గుమ్మంలోకి వచ్చింది.

"చూశావా భారతీ? మొగుడు పోయి నాలుగేళ్ళు. ఇప్పుడీ వేవిళ్ళేంటంట?"

"నీ నోరు పడ! అదేం మాటే?"

"నేనేమన్నా, కళ్ళతో చూసింది అన్నా. నిప్పులేందే పొగొస్తుందా?"

చీపురుకట్ట ఎత్తాను. పోయింది మహాతల్లి. కానీ లోకులు పలుగాకులని ఊరికే అన్నారా? మర్నాటికి ఆ మాట బసవమ్మగారి చెవిన పడింది.

బసవమ్మ కోడల్ని ఒక్క ముక్క అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది. ఊరికే చూసేది. తింటే చూసేది, తినకపోతే చూసేది, నడుం వంక చూసేది. ఆ ఇంట్లో ఇంకా ముట్టు పాటించేవాళ్ళు. ఆ మూడు రోజులూ ఆడది షాపూ వంటిల్లూ ముట్టుకోకుండా దూరంగా చాప మీద ఉండాలి, అన్నం ఇంకొకరు తెచ్చి పెట్టాలి. అంతకుముందు పరమేశ్వరి ఎవరికీ కనబడకుండా పెరటి వసారాలో ఉండేది. ఆ నెల మాత్రం చాపా చెంబూ తీసుకుని వీధి పక్క అరుగు మీదికి వచ్చేసింది. వచ్చేపోయేవాళ్ళకి కనబడేలా తలెత్తుకుని కూర్చుంది.

"ఇదేంటి పరమేశ్వరీ, వీధిలో?" అన్నాను కిటికీలోంచి.

"చూడనీ వదినా. అందరూ చూడనీ," అంది.

అర్థమయ్యాక నాకు ఏడుపు ఆగలేదు. ఒక ఆడది తన శీలానికి సాక్ష్యం ఇలా చాప పరిచి చూపించుకోవాల్సి వచ్చింది కదా అని. పుష్పవతి ఆ మూడు రోజుల్లో రెండుసార్లు అటుగా నడిచింది. చూసుకోవే, కళ్ళారా చూసుకో అనుకున్నాను.

అలా పన్నెండేళ్ళు. నెలనెలా అరుగు మీద కూర్చునేది. మిగతా రోజుల్లో డోకు ఆపుకుంటూ కందిపప్పు తూచేది. ఎవరింట్లోనైనా భోజనాలకు పిలిస్తే, పంక్తిలో వికారం వస్తే ఏమంటారోనని వెళ్ళడం మానేసింది. డాక్టరు దగ్గరికి పోదాం పదవే అంటే, "పేటలో నేను ఏ ఆస్పత్రి మెట్టెక్కినా సాయంత్రానికి మా మరిదికి ఫోన్ పోద్ది వదినా" అనేది. నాతో కూడా ముక్తసరిగానే మాట్లాడేది. అంత ఒంటరి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

రెండువేల ఏడులో ఒక మధ్యాహ్నం మా వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికేసింది.

"రాలేదు వదినా."

"ఎవరు?"

"ఎవరేంటి... నెల. నాలుగు నెల్లయింది."

"మరి మొన్న అరుగు మీద కూర్చున్నావుగా?"

"ఉత్తినే కూర్చున్నా."

నలభై నాలుగేళ్ళ మనిషి. ఆగే వయసే. కానీ ఆమెకున్న సాక్ష్యం అదొక్కటే. అది పోయి డోకులు మాత్రం మిగిలాయి. ఇంక బసవమ్మ ఏమనుకుంటుందో, మరిది ఎప్పుడు వచ్చి షాపు తాళాలు అడుగుతాడోనని ఆమె భయం.

"రేపు నందిగామ పోతున్నాం," అన్నాను. "కడుపునొప్పి నాకు. నువ్వు తోడొస్తున్నావు. అడిగినోళ్ళకి అదే చెప్పు."

బస్సులో కొంగు నోటికి అదిమిపెట్టుకుని కూర్చుంది. పుట్టింటి సందు దాటేటప్పుడు తల దించుకుంది. దేవమణి అని ఒక లేడీ డాక్టరు దగ్గర చీటీ నా పేరు మీదే రాయించాను. "భారతీదేవి" అని పిలిస్తే ఇద్దరం లేచాం.

"ఎవరమ్మా పేషెంటు?"

"పేరు నాదండి, జబ్బు ఈవిడది," అన్నాను. డాక్టరమ్మ నవ్వి నన్ను పక్కన కూర్చోమంది.

పొట్ట నొక్కి చూసింది, పరీక్షలు చేయించింది. ఆ తర్వాత తీరిగ్గా అడగడం మొదలుపెట్టింది.

"ఈ వికారం అసలు రాని రోజులేమన్నా ఉన్నాయామ్మా?"

పరమేశ్వరి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అరుగు మీద మూడు రోజులూ రాదండి."

అరుగేంటో నేను చెప్పాల్సి వచ్చింది.

"ఆ రోజుల్లో ఏం తింటారు?"

"మా అత్తయ్య పెట్టిందేనండి. ఆ మూడు రోజులూ షాపులో ఆవిడే కూర్చోవాలి కదా. తెరవకముందే నాకు వేడన్నం, చారు పెట్టి వెళ్ళిద్ది."

"మిగతా రోజులు?"

"ఆవిడకి పెట్టి, షాపులో జనం తగ్గాక. మూడవుద్దండి."

"అప్పటిదాకా?"

"కాఫీ. తలనొప్పికి మాత్ర."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఖాళీ కడుపున ఆ మాత్రలు వేసి వేసి లోపల పుండు చేసుకున్నారమ్మా. అవి మానేయండి, నేను రాసినవి వాడండి. పొద్దున్నే తినండి. నెల ఆగింది వయసు వల్ల. దానికీ దీనికీ సంబంధం లేదు."

బస్టాండులో పరమేశ్వరి బెంచీ మీద కూలబడి ఏడ్చింది. "తిన్నావా అని అడిగే మనిషి లేకపోతే ఇంత జబ్బు చేసిద్దా వదినా?" అంది.

ఇంటికి రాగానే నేరుగా అత్తగారి ముందు నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

"అత్తయ్యా, నాకు నెల ఆగిపోయింది. నాలుగు నెల్లుగా అరుగు మీద ఉత్తినే కూర్చుంటున్నా. మిమ్మల్ని మోసం చేశా."

బసవమ్మ చేటలో పప్పు ఏరుతోంది. తలెత్తలేదు. "తెలుసులేవే. పెరట్లో దండెం మీద ఆ గుడ్డలు ఆరకపోవడం నాకు కనపడదా? మొదటి నెల్లోనే తెలుసు."

"మరి నా మీద అనుమానం రాలేదా?"

"ఒకసారి వచ్చింది, చాలదూ? పన్నెండేళ్ళు నిన్ను చూశా."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

ముసలమ్మ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "అరుగు మీదైతే కూర్చుని కడుపునిండా తినేదానివి. మామూలు రోజున పిలిచి తినవే అందామంటే నోరు రాలా. నిన్ను అంత మాట అనుకున్నదాన్ని కదా."

మర్నాటి నుంచి రోజూ ఎనిమిదింటికి బసవమ్మ కంచం తెచ్చి అరుగు మీద పెట్టేది, కోడలు తినేదాకా పక్కనే కూర్చునేది. రెండు నెలల్లో తిప్పడం పూర్తిగా పోయింది. అనిల్‌కుమార్ మళ్ళీ షాపు మాట ఎత్తితే, "అది దానిది. నా తర్వాత కూడా దానిదే" అని నలుగురిలో చెప్పేసింది.

రెండేళ్ళు అలా గడిచాయి. తర్వాత ఒక చలికాలం బసవమ్మ పోయింది. వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున కిటికీ తీస్తే పరమేశ్వరి అరుగు మీద కూర్చుని ఉంది. ముందు కంచం లేదు.

"మళ్ళీ తిప్పుతోందా ఏంటే?" అని అరిచాను.

"లేదు వదినా, తిప్పట్లా." నా వైపు చూసింది. "ఆకలేస్తోంది."