పల్సానాలో మోగని చప్పట్లు

సూరత్‌కు ఎవరైనా చీరలు కొనడానికి వెళ్తారు. నేను మా స్వరూప చెప్పేది అబద్ధమని తేల్చుకోవడానికి వెళ్లాను. స్వరూప మా చిన్నమ్మ కూతురు, దాని భర్త పల్సానాలో మరమగ్గాలు నడుపుతాడు. దాని కొడుకు విక్కీకీ నా కూతురు అక్షరకూ ఆటిజం. కరోనా రెండో వేవ్ తగ్గాక ఎప్పుడు ఫోన్ చేసినా, విక్కీ గల్లీ అంతా తిరుగుతాడని, ఎవరూ ఏమీ అనరని చెప్పేది. కరీంనగర్‌లో మేము అక్షరను కిందికి దింపితే అపార్ట్‌మెంట్ వాళ్లు తమ పిల్లల్ని పైకి పిలుచుకుంటారు. అందుకే ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

వరంగల్‌లో రాత్రి అహ్మదాబాద్ రైలు ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి సూరత్‌లో దిగొచ్చు. స్లీపర్ ఆరువందల చిల్లర. అక్షర ముఖం మీద మాస్క్ నిలవదు, పెట్టీ పెట్టగానే పీకేస్తుంది. ఎదురు సీటావిడ భుసావల్ దాకా నాకు పిల్లల పెంపకం నేర్పింది. మీ మాటలకు నాకే జ్వరం వచ్చేలా ఉందన్నాను. అప్పుడు పై బెర్తు ఎక్కి పడుకుంది.

స్టేషన్ నుంచి కడోదరా మీదుగా పల్సానాకు బస్సులో గంట పైనే పట్టింది. అక్కడి నుంచి మన తెలంగాణ మగ్గాలవాళ్లుండే స్వరూప గల్లీకి ఆటో యాభై రూపాయలు. డ్రైవర్ జగిత్యాల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ నడివయసు మనిషి. మాస్క్ గురించి సంజాయిషీ మొదలుపెట్టబోతే, "కోయీ బాత్ నహీ మేడం, మా విక్కీ గూడ పెట్టుకోడు" అన్నాడు. మా విక్కీ అట. కరీంనగర్‌లో ఏ ఆటోవాడికి నా కూతురి పేరు తెలుసు?

స్వరూప చెప్పింది నిజమే, అదే నా బాధ. పదకొండేళ్ల విక్కీ ఏ ఇంట్లోకైనా దూరి గిన్నెల మూతలు తీసి చూస్తున్నాడు. ఆ ఇంటివాళ్లు "ఇయ్యాల పప్పేరా" అని చెప్పి మూత పెట్టేస్తున్నారు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఇది పుల్లకూర కాదు, పాయసం. లోపాలు వెతికాను. గల్లీ ఇరుకు, మోరీ కంపు, దగ్గర్లో థెరపీ లేదు. ఇవన్నీ స్వరూపకు చెప్పాను కూడా. అవునక్కా అంటూ అన్నం వడ్డించింది.

సాయంత్రం బతుకమ్మ. తంగేడు, గునుగు దొరకవు కనుక బంతిపూలతోనే పేర్చారు. పదిహేను మంది ఆడవాళ్లు, అందరూ అరచేతులకు మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డపీలికలు చుట్టుకుంటున్నారు. వైరస్ అంటకుండా కాబోలనుకుని, నేను శానిటైజర్ సీసా తీసి అందరికీ పోయబోయాను. నవ్వారు.

"కరోనాకు కాదక్కా, విక్కీ కోసం" అంది స్వరూప. "మగ్గం మోత వాడికి అలవాటే గని చప్పట్లు పడవు, కిందవడి కొట్టుకుంటడు. పోయినేడు వాణ్ని లోపలికి గుంజుకపోతుంటే పక్కింటి పోశవ్వ ఆపి, చేతులకు పీలికలు సుట్టుకుంది. జూసి అందరు సుట్టుకున్నరు."

పాట మొదలైంది. వంగి చేతులు కలుపుతుంటే మెత్తగా దబ్‌దబ్‌మంటోంది, అంతే. అక్షరకూ చప్పట్లు పడవు. మా దగ్గర ఆ తొమ్మిది రోజులూ తలుపులు బిగించి కూర్చుంటాం. ఇక్కడ అక్షర చెవులు మూసుకోలేదు. నా చెయ్యి విడిపించుకుని వెళ్లి, ముసలి పోశవ్వ ముందు రెండు చేతులూ చాపింది. ఆమె పీలికలు కట్టి పక్కన నిలబెట్టుకుంది. సంతోషించాల్సింది పోయి, అసూయపడ్డాను. ఇన్నేళ్లు నేను ఒక్కదాన్నే మోసిన పిల్ల అరగంటలో వాళ్ల పిల్లయిపోయింది.

ఆట అయ్యాక, మా అపార్ట్‌మెంట్‌కు కొన్ని పీలికలు ఇమ్మని పోశవ్వను అడిగాను.

"పీలికలకేంది బిడ్డా, మూట కట్టిస్త. కట్టుకునేటోళ్లు ఉన్నరా ఆడ?"



స్వరూప మీద నా కుళ్లు ఇంకా పోలేదు. మంచి డాక్టరు, థెరపీ, విడిగా గది, అన్నీ దానికంటే నాకే ఎక్కువ ఉన్నాయి. దానికి ఆ పదిహేను మంది ఉన్నారు. నాకు వాళ్లు కావాలి. ఇలాంటి పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక మాట: పండుగ రద్దీలో తిరుగు రైలు దొరకదు, రెండువైపులా టికెట్లు ముందే తీసుకోండి, కానీ తిరుగు టికెట్ చివరి రోజు సద్దుల బతుకమ్మ దాటాక ఉండేలా తీసుకోండి. నేను రెండు రోజుల ముందుకు తీసుకున్నాను. ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కించాల్సి వచ్చింది.