రీవాకు తగిన పిస్తోలు

హార్డెన్ ఫోర్కులో ఎవరైనా మొదటిసారి పిస్తోలు కొనదలిస్తే, తుపాకుల కొట్టు మెట్లెక్కేముందు ఒపల్ స్టిడమ్ వంటింట్లో కూర్చుని ఒక కప్పు కాఫీ తాగాలి. ఇది చట్టమేమీ కాదు. కానీ అమెరికాలోని ఈ తూర్పు కెంటకీ కొండల్లో చట్టం ఎక్కడో కింద పట్నంలో ఉంటుంది, ఒపల్ మాత్రం రోడ్డు మలుపులోనే ఉంటుంది. ఆమె ముప్ఫై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. ఊళ్లో యాభై దాటనివాళ్లంతా ఏదో ఒక రోజు ఆ బస్సులో ఆమెచేత చీవాట్లు తిన్నవాళ్లే. అందుకే ఆమెకు ఎదురుచెప్పడం ఎవరికీ అలవాటు కాలేదు.

తండ్రి బొగ్గుగనిలో చేసేవాడు. కొడుకులు లేరని ఏడుస్తూ కూర్చోకుండా ఒపల్‌కు ఏడో ఏటే ఉడుతల వేట నేర్పాడు. ఇప్పుడామెకు అరవై తొమ్మిది. మొగుడు పోయి పదకొండేళ్లయింది, పిల్లలు కలగలేదు. నడుముకు రివాల్వరు, చేతిసంచిలో దగ్గుబిళ్లలు లేకుండా గడప దాటదు. ఇప్పటిదాకా నలభైమందికి తక్కువ కాకుండా తుపాకులు ఎంచిపెట్టింది. వాళ్లలో పాస్టరు గారున్నారు, పళ్ల డాక్టరున్నాడు, చేయి వణికే పోస్టుమాస్టరూ ఉన్నాడు. ఒక్కరి దగ్గరా డబ్బు పుచ్చుకోలేదు. మాటకు విలువ ఉంటే చాలు, అది జీతం కంటే ఎక్కువ అనుకునే మనిషి.

అలాంటి ఒపల్‌కు మార్చి నెలలో ఒక సాయంత్రం రీవా కాడిల్ ఫోన్ చేసింది.

"ఒపీ, నాకో పిస్తోలు ఎంచిపెట్టవే."

ఒపల్ చేతిలో గరిటె ఆగిపోయింది. రీవా ఆమెకు ఒకటో తరగతి నుంచీ స్నేహితురాలు. నలభై ఏళ్లు స్కూల్లో పిల్లలకు వండిపెట్టి రిటైరైంది. ఎలుకల బోనులో చిక్కిన ఎలుకను పొలం దాకా మోసుకెళ్లి వదిలి, బోను కడిగి మళ్లీ పెట్టే మనిషి. ఆ మనిషికి పిస్తోలు!

"నీకెందుకే?"

"పక్క లోయలో క్లేటన్ వాళ్లింట్లో దొంగలు పడ్డారుగా. మత్తెక్కించే నొప్పి మాత్రలు, గడ్డి కోసే మిషనూ పట్టుకుపోయారు. అప్పట్నుంచీ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నా. కెల్సీకి తెలిసిపోయింది."

కెల్సీ ఆమె అక్క కూతురు, లెక్సింగ్టన్ నగరంలో నర్సు. ఒకటో తారీఖులోగా ఇంటికి ఏదైనా భద్రత చూసుకో, లేదా సామాను కట్టుకుని నా దగ్గరికి వచ్చెయ్ అని పిన్నికి తెగేసి చెప్పింది. అక్కడ రీవా కోసం గది కూడా చూసి పెట్టింది.

ఒపల్ ఫోన్ పెట్టేసి చాలాసేపు పొయ్యి దగ్గరే నిలబడింది. రీవా వెళ్లిపోతే బుధవారం బీన్స్, మొక్కజొన్న రొట్టె ఎవరితో తినాలి? ఈ భూమ్మీద తనను ఒపీ అని పిలిచే గొంతు ఒక్కటే మిగిలింది. పిస్తోలు కుదిరితే రీవా ఉంటుంది, కుదరకపోతే పోతుంది. ఒపల్ జీవితంలో ఏ తుపాకీ ఇంత బరువు తూగలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ హోటల్లో టిఫినుకు కూర్చునేసరికి సంగతి ఊరంతా పాకింది. బర్ల్ నేపియర్ తన ప్లేటు పట్టుకుని వీళ్ల బల్ల దగ్గరికే వచ్చేశాడు. బర్ల్ లారీ డ్రైవరు, అడగని సలహా కడుపులో ఉంచుకోలేడు.

"రీవా అత్తా, లావు తూటాది కొను. ఒక్కటి తగిలితే మళ్లీ లేవకూడదు."

"దాని భుజం ఊడిపోతే నీ భుజం ఇస్తావట్రా?" అంది ఒపల్.

వెనక బల్ల మీంచి ఇంకొకడు పదిహేను తూటాలు పట్టేది ఉండాలన్నాడు. మూడోవాడు అసలు పిస్తోలు దండగ, పొడుగు గొట్టం వేట తుపాకీ మేలన్నాడు. ముసలి హోమర్ అయితే కొరియా యుద్ధం నుంచి వాళ్ల నాన్న తెచ్చిన పిస్తోలు కథ ఎత్తుకున్నాడు. గుడ్లు చల్లారాయి, గ్రేవీ గడ్డకట్టింది, ఇద్దరు అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడ్డం మానేశారు. రీవాకు ఏ పిస్తోలు కావాలో ఆ హోటల్లో రీవాకు తప్ప అందరికీ తెలుసు.

టిఫినయ్యాక ఇద్దరూ తుపాకుల కొట్టుకెళ్లారు. యజమాని డార్ల్ నోబుల్. ఒపల్ బస్సులో మూడో సీటు వాడు. ఆడమనిషి కౌంటరు దగ్గరికి రాగానే ఈ ప్రాంతపు కొట్టువాళ్లంతా చేసే పనే వాడూ చేశాడు. అద్దాల పెట్టెలోంచి అరచేతిలో ఇమిడే గులాబీరంగు పిస్తోలొకటి తీసి మఖమల్ గుడ్డ మీద పెట్టాడు.

"ఆడవాళ్ల కోసమే చేశారత్తా. బుల్లిది. ఈకంత తేలిక."

రీవా ముఖం విప్పారింది. "ఒపీ, చూశావా! నా చర్చి సంచి రంగే!"

ఒపల్ పళ్లు కొరికింది. చేతిలోని తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా ఎగిరి తన్నుతుందని ఆమె ఈ కౌంటరు ముందు పాతికసార్లయినా చెప్పి ఉంటుంది. ఎద్దు నిదానంగా నడుస్తుంది, గెంతేది దూడే. అయినా మగాళ్లు పెళ్లాలకు బుల్లి తుపాకులే కొనడం మానలేదు, ఆ పెళ్లాలు ఒక్కసారి కాల్చి వాటిని జన్మలో మళ్లీ ముట్టుకోకుండా అటకెక్కించడమూ మానలేదు.

"చెప్తే వినవు. పద, కాల్చి చూద్దువుగాని," అంది.

కొట్టు వెనక కొండను తొలిచి కాల్పుల స్థలం కట్టారు. చెవులకు రక్షణ, కళ్లకు అద్దాలు పెట్టారు. పాతిక అడుగుల దూరంలో కాగితం మనిషి వేలాడుతున్నాడు. సలహాలు సరిపోలేదేమో, బర్ల్ కూడా వెనకే వచ్చి పక్క వరసలో నిలబడ్డాడు. రీవా రెండు చేతులా పిస్తోలు పట్టుకుని, కాగితం మనిషి కేసి చూసి, "ఏమనుకోకు నాయనా," అంది.

ఢామ్మంది. పిస్తోలు నెత్తి దాకా లేచింది. కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. కాగితం మనిషికి గీత కూడా పడలేదు గానీ, పక్క వరసలో బర్ల్ ముందున్న కాగితం మనిషికి చెవి పోయింది.

"అమ్మో, నా చెయ్యే! తేలు కుట్టినట్టుంది!" అంటూ రీవా పిస్తోలుతో సహా వెనక్కి తిరిగింది. బర్ల్, డార్ల్ ఇద్దరూ నేలమీద బోర్లా పడ్డారు. ఒపల్ మాత్రం పడలేదు. ఆమె రీవా మణికట్టు దొరకబుచ్చుకుని గొట్టాన్ని కొండవైపు తిప్పేసింది.

"మూతి అటు! ఎప్పుడూ అటే! ఇల్లు కాలినా, ఏసు ప్రభువు దిగొచ్చి వెనకనుంచి నిన్ను పేరు పెట్టి పిలిచినా, మూతి అటే!"

"తిట్టకే, పొరపాటైంది," అంది రీవా. నేలమీదున్న వాళ్లిద్దరికీ వంగి క్షమాపణ చెప్పింది. బర్ల్ సలహాలు ఆ రోజుకు అక్కడితో ఆగాయి.

తర్వాత పెద్దవి చూశారు. ఒకదాని పైభాగం వెనక్కి లాగాలి. రీవా బొటనవేలికి కీళ్లవాతం, ఎంత లాగినా అది కదల్లేదు. ఇంకోదాని పిడి చేతికి అందలేదు. మూడోదాని మీట వేలికి దూరమైంది. గంటన్నర గడిచింది. ఒక్కొక్కటీ పక్కన పెడుతుంటే ఒపల్ గుండె అంగుళం అంగుళం కిందికి దిగింది. లెక్సింగ్టన్ గదిలో కిటికీకి ఏ రంగు తెర వేస్తారో అని కూడా ఆలోచించేసింది.

చివరికి ఒపల్ తనే కౌంటరు లోపలికి దూరి, అడుగు అరలోంచి పాత ఉక్కు రివాల్వరొకటి తీసింది. ఒకప్పుడు పోలీసులు వాడింది. రంగు పోయింది, కర్ర పిడి అరిగింది, చూడ్డానికి ఎంత వికారంగా ఉందో తూకానికి అంత బరువుగా ఉంది. లాగక్కర్లేదు, ఎగరదు, నొక్కితే చాలు.

"ఇదా? ఇంత అసయ్యంగానా?" అంది రీవా.

"పెళ్లి చేసుకోమనలేదు. కాల్చు."

రీవా కాల్చింది. మళ్లీ కాల్చింది. కాగితం దగ్గరికి లాగి చూస్తే, ఆరు తూటాల్లో అయిదు కాగితం మనిషి రొమ్ము మీద ఒకే అరచెయ్యంత మేర పడి ఉన్నాయి. నలభై ఏళ్లు అయిదొందలమందికి చెయ్యి తొణక్కుండా గరిటెతో వడ్డించిన చెయ్యి మరి. బర్ల్ తన కాగితం చూసుకుని, మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఒపీ! ఇది నాకు వచ్చని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమే!"

ఒపల్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మందుపొగ అని తుడుచుకుంది. డార్ల్ ప్రభుత్వ కాగితం తెచ్చి పెట్టాడు, రీవా కళ్లజోడు పెట్టుకుని పేరు రాయడం మొదలుపెట్టింది. ఇంకో పది నిమిషాలు గడిస్తే చాలు, రీవా ఎక్కడికీ పోదు.

కానీ సంతకానికి ముందు ఒపల్ అందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది. దానికి జవాబు సరిగా రాకపోతే, ఎంత గురి ఉన్నా కొననివ్వదు. అలా ఏడుగురిని వెనక్కి పంపి కుక్కను పెంచుకోమంది. ఈసారి ఆ ప్రశ్న అడక్కుండా ఊరుకుంటే ఏం పోయింది? ఎవరికి తెలుస్తుంది? నోరు మూసుకుని కూర్చుందామని ఒపల్ నిజంగానే ప్రయత్నించింది. రీవా ఇంటి చిరునామా రాసేదాకా ఓర్చుకుంది. ఆపైన ఉండబట్టలేక, చేతిలోంచి పెన్ను లాగేసుకుంది.

"బయటికి రా. నా ట్రక్కులో కూర్చుందాం."

రీవా తెల్లబోయి వెంట నడిచింది. ట్రక్కు తలుపులు వేసుకున్నాక ఒపల్ ఆమె కళ్లల్లోకి చూసింది.

"నీ తలుపు బద్దలుకొట్టి ఒకడు లోపలికొచ్చాడు. కాగితం కాదు, మనిషి. వాడికీ ఓ తల్లి ఉంది. నొక్కుతావా?"

రీవా ఒళ్లో చేతులు చూసుకుంది.

"ముందు ఎవరి కొడుకువిరా అని అడుగుతాను. ఈ కొండల్లో నా చేత్తో తిండి పెట్టని కుర్రాడెవడే? తిన్నావా అని కూడా అడుగుతానేమో." తల అడ్డంగా ఊపి, "నొక్కలేనే," అంది.

"అయితే కొనకూడదు," అంది ఒపల్. చేతిలోని పెన్ను పక్కన పెట్టేసింది. "నొక్కలేనివాళ్ల చేతిలోని పిస్తోలు వచ్చినవాడి చేతికి పోతుంది."

"మరైతే సామాను కట్టుకోవాల్సిందే," అంది రీవా. అని, ఒపల్ కేసి తిరిగింది. "అవునూ, నువ్వు నొక్కుతావా?"

నలభైమందిని అడిగింది గానీ, ఒపల్‌ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. అబద్ధం నోటి చివరిదాకా వచ్చింది.

"జనవరిలో ఓ సాయంత్రం ఎవడో నా వంటింటి తలుపు పిడి తిప్పాడు," అంది మెల్లిగా. "రివాల్వరు తీశాను. గురి పెట్టాను. వేలు మీట దాకా పోలేదే, రీవా. వీడు నా బస్సెక్కినవాడేమో, ఏ సీటువాడో అనుకుంటూ నిలబడిపోయాను. వాడంతట వాడే పోయాడు. అప్పట్నుంచీ రాత్రిళ్లు కూడా టీవీ ఆర్పట్లేదు."

"నాకు చెప్పలేదేం?"

"ఊరంతా నా మాట వింటోంది. ఎలా చెప్పను?" ఒపల్ స్టీరింగు గట్టిగా పట్టుకుంది. "వెళ్లకే. నాకు భయంగా ఉంది. ఒక్కదాన్నే ఉండలేను."

రీవా సంచిలోంచి ఫోన్ తీసి కెల్సీకి కలిపింది. రీవాకు చెవుడు కొంచెం, ఫోన్లో మాట్లాడితే ట్రక్కు బయటికి కూడా వినపడుతుంది.

"కెల్సీ, నేను రానమ్మా. ఒపల్‌కి ఒంటరిగా ఉండాలంటే భయమట. దాన్నొదిలి ఎలా రాను? దానింట్లోనే ఉంటాను."

అప్పటికే డార్ల్, పిస్తోలు కట్టమంటారా అని అడగడానికి కిటికీ పక్కకొచ్చి నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. చీకటి పడేలోగా హార్డెన్ ఫోర్కంతా వింటుంది. చిన్నప్పుడు తిట్లు తిన్న ముఖంతో వాడు ఒపల్ కేసి చూస్తూ, ఆమె కాదంటుందేమోనని ఎదురుచూశాడు.

ఒపల్ అద్దం కిందికి దించింది.

"విన్నావుగా, నిజమే," అంది. "పిస్తోలు లోపల పెట్టేసి రా. రీవా మంచం మా ఇంటికి మొయ్యాలి."