సముద్రం అడుగున జారిన రాయి

నేను రాజమండ్రిలో డిగ్రీ విద్యార్థులకు భూగర్భశాస్త్రం చెబుతాను. ఉండేది సామర్లకోటలో. ఆదివారాలు కొందరు పిల్లలు మా వరండాలోనే పాఠానికి కూర్చుంటారు. ఆ పూట భూకంపాల గురించి చెబుతున్నాను.

మాకు చేపలు తెచ్చే ఆమె కాకినాడ అవతల ఒడ్డు ఊరి నుంచి బస్సులో వస్తుంది. వరండా చివర కత్తిపీట వేసుకుని కానాగంత చేపలు కోస్తోంది. ఏళ్ళ తరబడి తెలిసిన మనిషి. ఆమె భర్త సునామీలో పోయాడనీ నాకు తెలుసు. తెలిసే ఆ పాఠం ఎత్తుకున్నాను. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

గరుకు కాగితం మీద ఇటుక పెట్టి, దానికి రబ్బరు కట్టి మెల్లగా లాగాను. రబ్బరు సాగుతోంది కానీ ఇటుక కదలడం లేదు.

"భూమి లోపల పగులుకి అటూ ఇటూ ఉన్న రాళ్ళూ ఇంతే. నెట్టుడు ఎప్పుడూ ఆగదు. రాపిడి వాటిని పట్టి ఉంచుతుంది. నెట్టుడు ఆ పట్టుని మించిందా..."

ఇటుక చటుక్కున ముందుకి దూకింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను.

"మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ బలం పోగవుతుంది. వందల ఏళ్ళు పట్టినా సరే, జారక తప్పదు. సునామీ అప్పుడు సముద్రం అడుగున జరిగిందీ ఇదే. అడుగు లేచి నీళ్ళని తోసేసింది."

కత్తిపీట దగ్గర చప్పుడు ఆగిపోయింది.

"అమ్మగారండీ, అది ఎప్పుడు జారుద్దో ముందే తెలుస్తాదాండి?"

"లేదమ్మా. ఎక్కడ జారొచ్చో చెప్పగలం. ఏ రోజో ఎవరూ చెప్పలేరు."

ఆమె చేపలు ముగించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం రాలేదు, ఆపై వారమూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నేనే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను.

ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి కుర్చీ వేసింది. క్షమించమని అడగబోతుంటే తనే మొదలుపెట్టింది.

"మీ మీద కోపం కాదండి. ఇన్నాళ్ళూ గంగమ్మ తల్లికి మా మీద కోపమొచ్చిందనుకున్నానండి. ఏటేటా మొక్కుకుంటే చల్లబడుద్దనుకున్నాను. మీ మాటలు విన్నాక ఒకటే ఆలోచనండి. అన్నేళ్ళు పట్టుకున్న రాయి ఇంకొక్క రోజు పట్టుకోలేకపోయిందా అని. మర్నాడు ఇద్దరం మా పుట్టింటికి బయల్దేరాలండి. ఆరోజు ఆయన ఒడ్డున వల బాగుచేసుకుంటన్నాడు."

ఆ రాయి ఇంకొక్క రోజు ఆగినా ఆగి ఉండేదేమో. నాకు తెలిసిన శాస్త్రం అంతవరకే.

"నీ ముందు ఆ పాఠం చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను చివరికి.

"మీరేం చేస్తారండి, పాఠం చెప్పడం మీ పని కదండి" అని ఎండుచేపలు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

మళ్ళీ వస్తోంది ఇప్పుడు. మొన్న ఉండబట్టలేక, గంగమ్మ జాతరకి వెళ్ళావా అని అడిగాను.

"వెళ్ళానండి. ఏం మొక్కుకోవాలో తోచలేదండి" అంది, తల ఎత్తకుండా చేపలు కోస్తూనే.

గిన్నె తెస్తానని చెప్పి నేను లోపలికి వెళ్ళిపోయాను.