మసక ఫోటోలు

ఆదివారం పొద్దున పంజగుట్టలో ఒక ఇరానీ హోటల్‌లో మేం ఏడెనిమిది మందిమి కలుస్తాం. ఎవరికీ ఫోటోలు తీయడం బతుకుతెరువు కాదు. నేను అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో జావా చెబుతాను. ఒక్కొక్కరు తమకు బాగా నచ్చిన ఒకే ఒక్క ఫోటో ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టాలి. మిగతావాళ్లు మాట్లాడడం అయ్యేదాకా తీసినవాళ్లు నోరు విప్పకూడదు. ఈ రూలు పెట్టింది నేనే. సంజాయిషీలు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మాలో బోరబండ నుంచి వచ్చే దర్జీ ఒకాయన ఉన్నాడు, నాకంటే పెద్దవాడు. ఆయనది పాత కెమెరా, చేత్తో తిప్పి ఫోకస్ చేసుకునే లెన్స్. రోడ్డు మీద మనుషుల్ని తీసినా ఆయన ధ్యాసంతా భుజాల కుట్టు మీదే. ఒకసారి మెట్రో మెట్లెక్కుతున్న కుర్రాళ్ల వీపులు తెచ్చాడు. ఒక్కరికీ సరిపోని ఇంటర్వ్యూ చొక్కాలు! అలాంటిది నేను జన్మలో తీయలేను. కానీ ఆయన ఏది తెచ్చినా మసకే.

ఇక నా క్లాసు మొదలయ్యేది. షటర్ స్పీడ్ పెంచమన్నాను. మోచేతులు డొక్కలకు ఆనించి ఊపిరి బిగబట్టమన్నాను. అన్నీ చేసుకొచ్చేవాడు, ఫోటో మాత్రం మారేది కాదు. లెన్స్‌కు బూజు పట్టిందని ఒకరు, కాదు బిగింపు వదులైందని ఇంకొకరు వాదించుకునేవారు. ఈ గోలలో ఆయన మాట్లాడే వంతు ఎప్పుడూ వచ్చేది కాదు.

ఒక ఆదివారం, చెయ్యి వణుకుతోందేమో అనేశాను. ఆయన కెమెరాను నా ముందుకు జరిపాడు.

"మీరే పెట్టుకోండ్రి సార్. నాతోటి అయితలేదు."

నలభై ఏళ్లు కాజాలు కుట్టిన చెయ్యి అది. నాలుక కరుచుకున్నాను. ఏం చేయాలో తోచక కెమెరాలోంచి చూశాను. అంతా అలుక్కుపోయి ఉంది. చూపుకు తగ్గట్టు సరిచేసుకునే చిన్న చక్రం కన్ను ఆనించే చోటు పక్కనే ఉంటుంది. దాన్ని చివరికంటా తిప్పేసి ఉన్నాడు. ఇలా ఎందుకు తిప్పారని అడిగాను.

"ఎంత తిప్పినా మబ్బుగనే ఉంటది సార్. సూదిల దారం ఎక్కియ్యనీకి సుత బిడ్డనే పిలుస్తున్న. మా నాయినకు గిట్లనే షురువై కండ్లు పోయినయి. దవాఖానకు పోతే గదే చెప్తరని పోలే."

లెన్స్‌ను అనుమానించాం, చేతిని అనుమానించాం. ఇంతమంది మేధావులం, మనిషి కళ్లెలా ఉన్నాయని ఒక్కరమూ అడగలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. మర్నాడు క్లాసు ఎగ్గొట్టి ఆయన్ను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలేనని, తీసేస్తే చూపు వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆయన నమ్మలేక ఆ మాటే మళ్లీ చెప్పించుకున్నాడు. తిరుగు ఆటోలో దారంతా రుమాలుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు.

మొదటి కన్ను ఆపరేషన్ అయిన నెలకు మళ్లీ హోటల్‌కు వచ్చాడు. నా ఎదురుగా కూర్చుని, బల్ల మీది ఫోటోలు వదిలేసి నా ముఖమే చూశాడు.

"గడ్డం మస్తు నెరిసింది కద సార్. ఎప్పుడు నెరిసింది?"

రెండేళ్ల కింద ఆయన మా దగ్గరికి మొదటిసారి వచ్చిన రోజుకే అది తెల్లగా ఉంది. ఈ మధ్యనే అని చెప్పాను.